ముందు చేతికా, ముందు మనసుకా: మణికట్టు గాయానికి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి

గాజువాక నుంచి రాస్తున్న మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 24 ఏళ్ల మీ తమ్ముడు స్కిజోఫ్రీనియాకు 4 ఏళ్లుగా మందులు వాడుతూ, రెండు నెలల కిందట వాటిని మానేశాడు. 5 రోజుల క్రితం, చెవిలో వినబడే గొంతుల పోరు పడలేక, తన ఎడమ మణికట్టుకు తానే లోతైన గాయం చేసుకున్నాడు. మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో రక్తం ఆపి, పైన కుట్లు వేసి, "లోపల నరాలు తెగాయి, పెద్ద ఆపరేషన్ కావాలి, ముందు మానసిక వైద్యుడి దగ్గర ఫిట్‌నెస్ రాయించుకురండి" అన్నారు. మానసిక వైద్యం చేసే చోటికి వెళ్తే "ముందు ఆ చెయ్యి సంగతి చూసుకుని రండి" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో, మళ్లీ అదే పని చేసుకుంటే ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే కదా అంటున్నారు. ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, మనసు కుదుటపడేదాకా ఆగాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడే చేయించండి. ఆ ఆసుపత్రిలోనే, అదే రోజు నుంచి, మానసిక వైద్యం కూడా మొదలుకావాలి. ఒకటి పూర్తయ్యాక రెండోది అనే వరుస ఇక్కడ లేదు. మనసు కుదుటపడేదాకా ఆగవలసిన ఆపరేషన్లు కొన్ని ఉన్న మాట నిజమే, వాటి గురించి కింద చెబుతాను. తెగిన స్నాయువునూ నాడినీ కలిపి కుట్టడం మాత్రం వాటిలో చేరదు.

నేను విశాఖపట్నంలో 26 ఏళ్లుగా ప్లాస్టిక్ సర్జరీ చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే చేతి గాయాల్లో ఎక్కువ భాగం యంత్రాలవీ, రోడ్డు ప్రమాదాలవీ. తమకు తామే చేసుకున్న గాయాలతో వచ్చేవారు కూడా నెలకు ఒకరిద్దరైనా ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చేవారిని చూస్తే, గాయమైన రోజుకూ నా దగ్గరకు చేరిన రోజుకూ మధ్య ఎడం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఎడానికి దూరం ఒక్కటే కారణం కాదు. సిగ్గు, పోలీసుల భయం, ఇంకా మీకు ఎదురైనట్టు ఒక తలుపు దగ్గర నుంచి ఇంకో తలుపు దగ్గరకు పంపడం కూడా కారణాలే.

ముందు ఒక మాట సరిచూసుకోవాలి. మన వాడుకలో రక్తనాళాన్నీ, స్నాయువునూ, నాడినీ, మూడింటినీ "నరం" అనే అంటాం. "నరం తెగింది, కుట్టేశారు" అని ఇంటివాళ్లు చెప్పినప్పుడు వాటిలో ఏది కుట్టారో చాలాసార్లు వాళ్లకే తెలియదు. రక్తం ఆగిందంటే రక్తనాళం సంగతి చూశారని మాత్రమే అర్థం. స్నాయువు, అంటే టెండన్, వేలిని వంచే తాడు. నాడి స్పర్శను మోసుకెళ్లి, కండకు ఆజ్ఞ తీసుకొచ్చే తీగ. పైన చర్మం చక్కగా అతుక్కుని లోపల ఈ రెండూ తెగిపోయి ఉన్న చేతులను నేను ఎన్నో చూశాను. అందుకే మొదట కలిసే సర్జన్‌ను ఈ మూడు విడివిడిగా అడగండి: ఏ స్నాయువులు తెగాయి, ఏ నాడి తెగింది, చేతికి రక్తం సరిగా అందుతోందా?

మీరే ఇంట్లో కొంత గమనించవచ్చు. కట్టు విప్పకుండానే వేలికొసలను చూడండి. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, నల్లబడుతున్నా రేపటిదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేసి ఈ గంటలోనే బయలుదేరండి. వెచ్చగా, మామూలు రంగులోనే ఉంటే, కళ్లు మూసుకోమని చెప్పి బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు కొసలను దూదితో తాకి, ఎక్కడ తెలుస్తోందో అడగండి. బొటన, చూపుడు, మధ్య వేళ్ల కొసల్లో తెలియకపోతే మీడియన్ నాడి, చిటికెనవేలి వైపు తెలియకపోతే అల్నార్ నాడి దెబ్బతిని ఉండవచ్చు. ఆ తర్వాత వేళ్లు ఒక్కొక్కటే కొద్దిగా కదిలించగలడేమో, బలవంతం లేకుండా చూడండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే చూసే డాక్టరుకు పని సులువవుతుంది.

ఇక ఎందుకు ఆగకూడదో చెబుతాను. తెగిన స్నాయువు తెగిన చోటే ఉండదు. కండ దాన్ని మోచేతి వైపు లాగేసుకుంటుంది. మొదటి రోజుల్లో ఆ కొసను పట్టుకుని కిందికి తెచ్చి, కొసకు కొస కలిపి కుట్టవచ్చు. సుమారు 2 వారాల లోపు అయితే ఇది చాలావరకు సాధ్యమే. మూడు నాలుగు వారాలు దాటితే కండ కురచబడుతుంది, కొసలు మెత్తబడి చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుంటాయి. అప్పుడు నేరుగా కుట్టడానికి కుదరక, ఇంకో చోటి నుంచి స్నాయువు తీసి అతకడమో, పనిచేస్తున్న వేరే స్నాయువును దారి మళ్లించడమో చేయాలి. ఒక ఆపరేషన్‌తో పోయేది రెండు మూడు అవుతుంది, ఫలితమూ తగ్గుతుంది. నాడి సంగతి ఇంకా తొందరది. కుట్టిన నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలికొసకు చేరడానికి ఐదారు నెలలు పడుతుంది. నాడి అందని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే మళ్లీ కోలుకోలేనంతగా క్షీణిస్తుంది. మీ తమ్ముడికి ఇప్పటికే 5 రోజులయ్యాయి. చేయి దాటిపోలేదు, కానీ ఈ వారాన్ని ఉత్తరాలు మోయడానికి ఖర్చుపెట్టకండి.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. వృత్తిలోకి వచ్చిన మూడో ఏట, మీ తమ్ముడి లాంటి గాయంతోనే వచ్చిన ఒక యువకుణ్ణి, "మానసిక స్థితి స్థిరపడ్డాక రండి" అని నేనే కాగితం మీద రాసి పంపించాను. ఆ అబ్బాయి 7 వారాల తర్వాత తిరిగి వచ్చాడు. మనసు నిజంగానే కుదుటపడింది, ఎదురుగా కూర్చుని శాంతంగా మాట్లాడుతున్నాడు. చేయి మాత్రం పనికి రాకుండా పోయింది. అతను దర్జీ. రెండు ఆపరేషన్లు, ఏడాదిన్నర కాలం, కాలి నుంచి తీసిన స్నాయువు ముక్కలు, ఇన్ని అయ్యాక కూడా సూదిలోకి దారం ఎక్కించడానికి అతనికి భార్య సాయం కావలసి వచ్చింది. నేను రాసిన ఆ ఒక్క వాక్యం ఖరీదు అది. ఆ తర్వాత అలాంటి కాగితం నేను ఎవరికీ రాయలేదు.

"ఫిట్‌నెస్" అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. మత్తు ఇచ్చే డాక్టరుకు మానసిక వైద్యుడి అభిప్రాయం అవసరమే. అయితే ఆయనకు కావలసింది రోగికి జబ్బు తగ్గిందన్న ధ్రువపత్రం కాదు. ఏ మందులు వాడుతున్నాడు, వాటిలో ఏవి కొనసాగించాలి, ఉద్రేకం వస్తే ఏమివ్వాలి, రాత్రి ఎవరు పక్కన ఉండాలి అన్న సలహా కావాలి. దాన్ని మానసిక వైద్యుడు వార్డుకు వచ్చి, మంచం దగ్గరే ఇవ్వగలడు. అందువల్ల సర్జరీ, మత్తు, మానసిక వైద్యం మూడూ ఒకే కప్పు కింద ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి, లేదా ఒకరినొకరు పిలిపించుకునే అలవాటున్న చోటికి వెళ్లండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే, మన ఊళ్లో కింగ్ జార్జ్ ఆసుపత్రి, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల రెండూ ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్నవే, వాటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. చేతికి ఆపరేషన్ జరగవలసిన రోగి సర్జికల్ వార్డులో చేరాలి, మానసిక వైద్యుడు అక్కడికి రావాలి. ఇది మీరు గట్టిగా అడగవలసిన విషయం.

చట్టం గురించి మీరు అడగలేదు. అయినా మీ ఉత్తరంలో "అద్దం మీద పడ్డాడని చెప్పాం" అని ఉంది కాబట్టి చెబుతున్నాను. ఆ అబద్ధం వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో, బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నానికి మాత్రమే అందులో విడిగా సెక్షన్ ఉంది. అంతకుముందే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలనీ, అతనికి వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిదనీ చెప్పింది. ఆసుపత్రి వాళ్లు ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు, రాస్తారు, పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. దానికి బెదిరి గాయం కారణం మార్చి చెబితే నష్టపోయేది మీ తమ్ముడే. అద్దం మీద పడ్డవాడికి మానసిక వైద్యుణ్ణి ఎవరూ పిలవరు, రాత్రి పక్కన మనిషిని ఉంచమని ఎవరూ చెప్పరు. రేపే నిజం చెప్పండి.

సంతకం విషయానికి వస్తే, గొంతులు వినబడుతున్నంత మాత్రాన మనిషికి తన చేతి గురించి ఏమీ అర్థం కాదని అనుకోకూడదు. "నీ వేళ్లు వంగడం లేదు, లోపలి తాళ్లు తెగాయి, నిద్రపుచ్చి కుడతాం, మూడు నాలుగు వారాలు కట్టు ఉంటుంది" అని చిన్న మాటల్లో చెబితే, ఒప్పుకునేవాళ్లే ఎక్కువని నా అనుభవం. అతనితో మాట్లాడకుండా మీతో మాత్రమే మాట్లాడే సర్జన్ ఎదురైతే, "ఒకసారి వాడికే చెప్పండి డాక్టరు గారూ" అని మీరే అనండి. అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే, అత్యవసరమైన వైద్యం దాని కోసం ఆగదు, కుటుంబం తరఫున మీ సంతకం తీసుకుంటారు.

మందుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఆపరేషన్‌కు ముందు రాత్రి "ఏమీ తినకూడదు, తాగకూడదు" అనగానే ఇంటివాళ్లు మానసిక వైద్యపు మాత్రలు కూడా ఆపేస్తారు. చాలా మందులను ఆ ఉదయం గుక్కెడు నీళ్లతో వేయవచ్చు. ఏది వేయాలో, ఏది వేయకూడదో మత్తు డాక్టరును పేరుపేరునా అడిగి రాయించుకోండి. మీ తమ్ముడు వాడినవన్నీ, మానేసినవి కూడా, పాత చీటీలతో, ఖాళీ స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. అతను స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవాడైతే, 48 గంటలకు మించి మానేసిన క్లోజపిన్‌ను పాత మోతాదులో తిరిగి వేయకూడదు. 12.5 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. లేకపోతే రక్తపోటు పడిపోవడం, ఫిట్స్ రావడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. రెండు నెలలుగా మానేశాడు కదా అని, పాత చీటీ చూసి, ఇంట్లో మిగిలిన మాత్రలను మీరే వేయకండి. సిగరెట్లు తాగే అలవాటు ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి. ఆసుపత్రిలో సిగరెట్లు ఆగగానే రక్తంలో క్లోజపిన్ స్థాయి పెరుగుతుంది. ఈ సంగతి తెలియక రోగి మగతగా పడి ఉంటే మత్తు దిగలేదని అనుకుంటారు.

లిథియం వాడేవాళ్లకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి లిథియం స్థాయిని పెంచుతాయి. ఒకసారి నేను చూసిన ఒక మహిళకు చెయ్యి ఆపరేషన్ తర్వాత మూడు రోజులు వరుసగా డైక్లోఫెనాక్ ఇచ్చారు. నాలుగో రోజు ఉదయం రౌండ్స్‌లో ఆమె టీ గ్లాసు పట్టుకుంటే, గ్లాసులోని టీ అంచులు దాటి దుప్పటి మీద చిందుతోంది. భయంతో వణుకుతోందని అందరూ అన్నారు. వాంతులు కూడా మొదలయ్యాక రక్తపరీక్ష పంపితే లిథియం విషస్థాయికి చేరింది. సెలైన్ పెట్టి, రెండు మందులూ ఆపి, మానసిక వైద్యుణ్ణి పిలిపించాం, కోలుకుంది. డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్లకు ట్రమడాల్ ఇచ్చేముందు కూడా ఆలోచించాలి. నొప్పికి మందు ఇవ్వవద్దని నా ఉద్దేశం కాదు, అందుకు పూర్తిగా వ్యతిరేకం. తనే చేసుకున్న గాయానికి మత్తెందుకు, కుట్లు అలాగే వేసెయ్యండి అనే మాట నేను క్యాజువాలిటీల్లో విన్నాను. వైద్యుడి నోట ఆ మాట రావడం నాకు ఇప్పటికీ భరించరానిది. గాయం ఎవరు చేసినా నొప్పి నొప్పే. మత్తు లేకుండా కుట్టించుకున్న మనిషి, తర్వాతిసారి కష్టం వచ్చినప్పుడు ఆ ఆసుపత్రి గడప తొక్కడు.

ఆపరేషన్ పద్ధతిలో కూడా కొన్ని మార్పులు చేసుకోవాలి. మామూలు రోగికి స్నాయువు కుట్టాక రెండు మూడు రోజుల్లోనే, రక్షణ పట్టీలో ఉంచి, వేళ్లను కొలతగా కదిలించే వ్యాయామం మొదలుపెడతాం, అతుకులు పడకుండా, అంటే స్నాయువు చుట్టూ ఉన్న కణజాలానికి అంటుకుపోకుండా ఉండటానికి. ఆ వ్యాయామానికి రోగి సహకారం, ఓపిక కావాలి. గొంతుల మధ్య ఉన్న మనిషి నుంచి దాన్ని ఆశించలేం. ఒక్కసారి గట్టిగా పిడికిలి బిగిస్తే కుట్టు తెగిపోతుంది. కాబట్టి చిన్నపిల్లలకు చేసినట్టే, మోచేయి పైదాకా పిండికట్టు వేసి మూడు నాలుగు వారాలు కదలకుండా ఉంచడాన్నే నేను ఎంచుకుంటాను. వేళ్లు కొంత బిగుసుకుంటాయి, తర్వాత ఫిజియోథెరపీతో చాలావరకు తిరిగి వస్తాయి. తెగిపోయిన కుట్టు కన్నా బిగుసుకున్న వేలు నయం. చర్మానికి కరిగిపోయే దారం వాడతాను, విప్పవలసిన పని ఉండదు, గిల్లుకోవడానికి కొసలూ ఉండవు.

పిండికట్టు వేసే ముందు ఏం వేస్తున్నామో చూపించడం నేను ఒక రోగి దగ్గర నేర్చుకున్నాను. ఆపరేషన్ బాగా జరిగిన మూడో రాత్రి అతను కట్టు సగం చింపేశాడు. లోపల ఏదో యంత్రం పెట్టారనీ, అది తన ఆలోచనలను బయటికి పంపుతోందనీ అన్నాడు. మర్నాడు మళ్లీ కట్టేటప్పుడు, దూది చుట్టను అతని కుడిచేతికి ఇచ్చాను. అతను దాన్ని విప్పి, వెలుతురుకు పెట్టి చూసి, నాకు తిరిగి ఇచ్చాడు. పిండి పట్టీని నీళ్లలో ముంచే ముందు అదీ చూశాడు. తడి పట్టీ వెచ్చబడుతుంటే, "ఇది ఎందుకు కాలుతోంది" అని అడిగాడు, గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందని చెప్పాను. ఆ కట్టు నాలుగు వారాలు ఉంది. మందులు పనిచేయడం మొదలైందనీ ఒప్పుకోవాలి, కానీ ఆ పది నిమిషాలు నేను ఇప్పుడు ఎవరికీ తగ్గించను.

మనసు కుదుటపడేదాకా ఆగవలసినవి ఏవంటే, పునర్నిర్మాణ ఆపరేషన్లు. అతుకులు విడదీయడం, స్నాయువులను దారి మళ్లించడం, మచ్చలను సరిచేయడం, కాలిన గాయాల తర్వాత ముడుచుకున్న చర్మాన్ని విడదీసి అతకడం, ఇవన్నీ నెలల తర్వాతి పనులు. వాటి ఫలితం పూర్తిగా రోగి సహకారం మీద ఆధారపడుతుంది. యాసిడ్ లాంటివి మింగి అన్నవాహిక ముడుచుకుపోయినవాళ్ల విషయమూ అంతే. కడుపులోకి ట్యూబు వేసి ఆహారం అందించడం, సన్నబడిన అన్నవాహికను వెడల్పు చేయడం ముందు జరుగుతాయి, పేగును పైకి తెచ్చి కొత్త అన్నవాహిక నిర్మించే పెద్ద ఆపరేషన్‌ను సాధారణంగా ఆరు నెలల తర్వాతే తలపెడతారు. అక్కడ మానసిక వైద్యుడి అంగీకారం లేకుండా ఏ సర్జనూ ముందుకు పోకూడదు. మొదటి ఆసుపత్రివాళ్లు బహుశా ఈ రెండో రకం నియమాన్ని మొదటి రకానికి వర్తింపజేసి ఉంటారు.

ఇక మీ ఇంట్లో పెద్దవాళ్ల మాట. మళ్లీ చేసుకోడని నేను హామీ ఇవ్వలేను. మందులు మానేసిన రెండు నెలలకు ఇది జరిగిందని మీరే రాశారు, కాబట్టి మందులు నిలకడగా పడితే ప్రమాదం బాగా తగ్గుతుందని ఆశించడానికి ఆధారం ఉంది. షుగరు ఉన్న మనిషి మళ్లీ తీపి తింటాడేమోనని కాలి పుండుకు ఆపరేషన్ మానుకోం కదా. నేను కుట్టిన చేతులతో మెకానిక్ షెడ్డుకూ, పొలానికీ, కాలేజీకీ తిరిగి వెళ్లినవాళ్లు ఉన్నారు. పనిచేయని చేయితో, పని లేక ఇంట్లో కూర్చున్న పాతికేళ్ల కుర్రవాడి మనసు కుదుటపడటం ఎంత కష్టమో కూడా నేను చూశాను.

ఇంటికి వచ్చాక మొదటి కొన్ని వారాలు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన కాలం. ఆసుపత్రి నుంచి వచ్చేశాం, గండం గడిచింది అని అందరూ ఊపిరి పీల్చుకునేది అప్పుడే. మాత్రలన్నీ మీ దగ్గరే ఉంచి, ఏ పూటకాపూట మీరే చేతిలో పెట్టండి. హాని చేసుకోవడానికి వీలున్న వస్తువులను తాళం వేసి ఉంచండి. మానసిక వైద్యుడి తర్వాతి తేదీని డిశ్చార్జి రోజే రాయించుకోండి, వారం లోపు అయితే మంచిది. "మళ్లీ అలాంటి ఆలోచన వస్తోందా" అని సూటిగా అడగడానికి జంకకండి, అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. రాత్రి ఏ గంటకైనా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఈ నంబరు మీ కోసం కూడా. ఐదు రోజులుగా మీరు నిద్రపోలేదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది.

నాడి తెగి ఉంటే ఒక చిన్న సంగతి. స్పర్శ లేని వేళ్లకు వేడి తెలియదు. టీ గ్లాసు, ఇస్త్రీపెట్టె, పొయ్యి మీద గిన్నె, వీటికి ఆ చెయ్యి తగలకుండా ఐదారు నెలలు చూసుకోవాలి. మొద్దుబారిన చేతిని "ఇది నా చెయ్యి కాదు" అని అనుమానించినవాళ్లు నా దగ్గర ఇద్దరు ఉన్నారు. మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి: మొద్దుబారడం కుట్టిన నాడి పెరిగేదాకా ఉంటుంది, తిమ్మిరిగా, చీమలు పాకినట్టుగా అనిపిస్తే అది నాడి ముందుకు వస్తోందనడానికి గుర్తు.

రేపు ఉదయం బయలుదేరేటప్పుడు, ఏమైనా తిన్నాడా, ఎన్ని గంటలకు తిన్నాడు అన్నది రాసిపెట్టుకోండి, టెటనస్ ఇంజెక్షన్ వేశారో లేదో మొదటి ఆసుపత్రి కాగితంలో చూడండి. సర్జన్ చూశాక ఏ స్నాయువులు, ఏ నాడి అన్నారో ఇక్కడ రాయండి. ఆపరేషన్ తర్వాతి కట్టు గురించీ, వ్యాయామాల గురించీ దాన్ని బట్టి వివరంగా చెబుతాను.